రాజయ్య పట్టుకొచ్చిన భర్మార్

2004లో నేను అబుదాబిలో ఒక వేట సామగ్రి దుకాణంలో ఆర్మరర్‌గా చేరాను. అంతకుముందు కడప జిల్లాలో పోలీసు ఆయుధాగారంలో హెడ్ కానిస్టేబుల్ హోదాలో అదే పని చేసి, గడువుకు ముందే పదవీ విరమణ తీసుకున్నాను. తుపాకిని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించి, ఇది మనిషి చేతికి ఇవ్వదగినదా కాదా అని తేల్చి చెప్పడం ఆర్మరర్ పని. ఈ పనిలో ముదిరినవాడు ఎవరినీ నమ్మడు. టీలో చక్కెర వేశానని నా భార్య చెప్పినా నేను రుచి చూసి గానీ ఒప్పుకోనని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

దుకాణం యజమాని, అంటే మాకు వీసా ఇచ్చిన కఫీల్, అప్పుడప్పుడు వచ్చి కాఫీ తాగి వెళ్లేవాడు. పెత్తనమంతా ముదీర్, అంటే మేనేజర్, ఇక్బాల్ సాబ్‌ది. ఆయనది హైదరాబాద్. అమ్మకాలకు ఇద్దరు కుర్రాళ్లుండేవారు. వెనక గదిలో మరమ్మతుల బల్ల దగ్గర నేను. కొనేవాళ్లందరూ ఆ దేశస్థులే. పోలీసు అనుమతి చూపితే తప్ప తుపాకి బయటికి ఇవ్వం. అక్కడ వేట నిషేధం కాబట్టి కొన్నవాళ్లు కాల్పుల క్లబ్బులో సాధన చేసి, వేటకు పరాయి దేశాలకు వెళ్లేవారు.

2005 చలికాలం మొదట్లో సయీద్ అనే ఆయన వచ్చాడు. అబుదాబికి దూరంగా ఉన్న రువైస్ చమురు రిఫైనరీలో అధికారి, అమెరికాలో చదువుకున్నవాడు. అక్కడి పాత సహాధ్యాయి జింకల వేటకు పిలిచాడట. అక్కడ సీజన్లో కొన్ని రోజులు గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకులకే కేటాయిస్తారు. మన పల్లెల్లో భర్మార్ అంటామే, ఆ జాతి. అలాంటిది కొనడం ఆయనకు అదే మొదటిసారి.

నేను బల్ల మీద రెండు పెట్టాను. రెండూ జింకకు సరిపోయే అర అంగుళం బోరువే. మొదటిది పాత పద్ధతిది. పక్కన గుర్రం అనే చిన్న సుత్తి ఉంటుంది, అది నిపిల్ అనే బోలు బుడిపె మీద పెట్టిన చిన్న రాగి టోపీని కొడితే నిప్పు లోపలికి పోయి మందు అంటుకుంటుంది. రెండోది కొత్త రకం, టోపీ నేరుగా గొట్టం వెనకే కూర్చుంటుంది. భుజానికి ఆనించి చూడమన్నాను, బరువు మోసి చూడమన్నాను. గొట్టం లోపలి గాడుల మెలిక నెమ్మదిగా ఉంటే గుండ్రటి గుండుకు మంచిదని, బిగువుగా ఉంటే పొడుగు గుండుకు మంచిదని చెప్పాను. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర్లో చెప్పాను. కొత్త రకానికి వెనక బిరడా మరతో ఊడి వస్తుంది. దాన్ని తీసి వెలుతురుకు పెడితే గొట్టం ఖాళీయో కాదో పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. పాత రకానికి వెనక మూసుకుపోయి ఉంటుంది. లోపల మందు ఉందో లేదో పైకి ఏమీ కనబడదు. మొదటిసారి కొనేవాళ్లకు కొత్తదే మేలని తేల్చి చెప్పాను.

ఆయన పాతదే తీసుకున్నాడు. వాళ్ల నాన్న వయసులో ఉన్నప్పుడు తూర్పు తీరాన కల్బా వైపు కొండల్లో అలాంటిదే భుజాన వేసుకుని తిరిగేవాడట, చూస్తే సంతోషిస్తాడట. జ్ఞాపకాల కోసం తుపాకి కొనేవాళ్లంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. అయినా నిర్ణయం ఆయనది. దట్టే ఊచ మీద రెండు గీతలు పెట్టి ఇచ్చాను. ఊచను గొట్టంలోకి వదిలినప్పుడు పై గీత మూతి దగ్గరికి వస్తే ఖాళీ, కింది గీత వస్తే మందు ఉన్నట్టు. దట్టే ముందు ప్రతిసారీ ఇలా చూడాలి. ఒకదాని మీద ఇంకొకటి దట్టి కాలిస్తే గొట్టం పగిలి ముఖం మీదికి వస్తుంది. రెండుసార్లు ఆయన చేత చేయించాను. ఆయన నవ్వుతూ చేశాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆయన డ్రైవర్ రాజయ్య అంతసేపూ తలుపు దగ్గరే నిలబడ్డాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. సయీద్ అనుమతి పత్రాల పనిలో ఉండగా నా దగ్గరికి వచ్చి తెలుగులో మెల్లగా అడిగాడు.

"దట్టి ఉన్నదో లేదో ఊచ ఒక్కటే చెప్తదా సార్? ఇంకెట్లన్న తెలుస్తదా?"

డ్రైవరుకు ఈ సంగతులెందుకని నాకు అనుమానం వచ్చింది. అతని ముఖం గుర్తుపెట్టుకున్నాను.

రువైస్‌లో కంపెనీ ఇళ్లలో తుపాకులు ఉంచనివ్వరు. అందుకని సయీద్ తుపాకినీ మందునూ కల్బా దగ్గర తండ్రి ఇంట్లో పెట్టాడు. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, నమాజు ముగిసి దుకాణం తెరిచిన కాసేపటికి, రాజయ్య ఒక్కడే తుపాకి పట్టుకుని లోపలికి వచ్చాడు. యజమాని లేకుండా డ్రైవర్ చేతిలో తుపాకి ఉండటమే అక్కడ నేరం. పోలీసులు చూస్తే జైలు, ఆ పైన వీసా రద్దు. రేపు క్లబ్బులో సయీద్ మొదటిసారి కాలుస్తాడని, తుపాకిని అక్కడికి చేర్చమని పంపాడని, దారిలో ఇక్కడ ఆగానని చెప్పాడు.

"మీట బిగిసినట్టున్నది సార్. జర చూడుండ్రి."

మీట, అంటే ట్రిగ్గర్, బిగియలేదు. చూసిన క్షణంలోనే నాకు తెలిసింది. అబద్ధం ఆడుతున్నాడు. దానికన్నా అతను తుపాకిని పట్టుకున్న తీరు నన్ను ఆపేసింది. మూతి పైకప్పు వైపే ఉంది. గుర్రానికీ నిపిల్‌కూ మధ్య చిన్న తోలుముక్క దూర్చి, దాన్ని బొటనవేలితో నొక్కిపట్టాడు. అమ్మకాల కుర్రాడు ఎదురుగా వస్తే పక్కకు తిరిగి భుజానికి ఆనించే బట్ వైపు నుంచి నాకు అందించాడు. ఖాళీ తుపాకిని ఎవరూ అంత భయంగా మోయరు.

ఊచ వదిలాను. కింది గీత దగ్గరే ఆగిపోయింది. తుపాకి దట్టి ఉంది.

నేను ఇక్బాల్ సాబ్‌ను పిలిచాను. ఆయన ఒక్కసారి ఊచను చూసి రాజయ్య వైపు తిరిగాడు.

"క్యా మియా, నీ సేఠ్‌ను ఖలాస్ చేద్దామనుకున్నవా? ఎవడు దట్టిండు, చెప్పు."

"నేను దట్టలే సార్. ఎవరు దట్టిన్రో మాత్రం నన్ను అడగకుండ్రి," అన్నాడు రాజయ్య.

అమాయకుడు అనే మాట కాదది. ఇక్బాల్ సాబ్ ఫోన్ తీశాడు. పోలీసులకు చెప్పేముందు పది నిమిషాలు ఇమ్మని అడిగాను. రాజయ్య మీద జాలితో కాదు. లోపల ఉన్నది ఏమిటో చూడకుండా నేను ఎవరి మీదా మాట చెప్పను, అంతే. రాజయ్యను నా బల్ల పక్కనే కూర్చోబెట్టి, తలుపు దగ్గర ఇక్బాల్ సాబ్‌ను నిలబెట్టాను.

నిపిల్ విప్పి ఆ రంధ్రంలోంచి నీళ్లు ఎక్కించి మందును తడిపాను. తడిసిన మందు అంటుకోదు. తర్వాత ఊచ చివర మర కొక్కెం బిగించి, లోపలికి దింపి, తిప్పుతూ లాగాను. ముందు పీచు ఉండ వచ్చింది, తర్వాత గుండు, తర్వాత ముద్దయిన మందు. మేం ఇచ్చిన గుండే, మేం ఇచ్చిన మందే. కానీ గుండుకు చుట్టమని ఇచ్చిన గుడ్డ లేదు. దాని బదులు ఖర్జూరపు పీచు ఉంది.

ఆ పీచును అరచేతిలో పెట్టుకుని చూశాను. ఊరికే నలిపి కుక్కింది కాదు. ఒక కొస సన్నగా, ఒక కొస లావుగా, బిగువుగా పేనింది. మా కఫీల్ దుకాణంలో కాఫీ పోయించుకునేటప్పుడు ఆ కాఫీ కూజా ముక్కులో పొడి పడకుండా ఇలాంటి పీచే అడ్డం పెట్టేవాళ్లు. ఇది రోజూ కూజాకు పీచు పెట్టే చెయ్యి చేసిన పని. జగిత్యాల చెయ్యి కాదు.

"సయీద్ వాళ్ల నాయన దట్టినాడాప్పా?" అని అడిగాను.

రాజయ్య నా చేతిలోని పీచును చూశాడు.

"ఆయనే నాకు వీసా ఇచ్చిండు సార్, నా కఫీల్ ఆయన. ఇంట్ల ఉత్త తుపాకి ఉంటే ఇంటికి మంచిది కాదంటడు. కొడుక్కు చెప్పనని నాతోని ఒట్టు వేయించుకున్నడు. మా దిక్కు పందులు మక్కచేను మీద పడే రోజుల్ల మేం గిట్ల దట్టి తలుపెన్క పెడుతుంటిమి. కొన్ననాడే నాకు గుబులైంది, గందుకే మిమ్ముల అడిగిన."

"మరి మీట బిగిసిందని ఎందుకు చెప్పినావు?"

"నేను చెప్తే ఒట్టు తప్పినట్టయితది. ఊకుంటే రేపు సారు దాని మీద ఇంకోటి దట్టుతడు. మీరు ఎవ్వల మాట నమ్మరు, ఊచ వదలకుండ ఉండరు. అది నాకెరుకే. నేనేం చెప్పలే సార్. మీరే చూసిన్రు."

నాకు కోపం వచ్చింది. నా అనుమానాన్ని పనిముట్టులా వాడుకున్నందుకు. ఆ కోపం వెనకే, అతను ఎంతకు తెగించి ఆ గుమ్మం ఎక్కాడో అర్థమైంది. దట్టిన తుపాకితో ఉండగా దారిలో ఒక పోలీసు బండి ఆపి ఉంటే చాలు, అతని పదేళ్ల గల్ఫ్ బతుకు అక్కడితో సరి.

ఇక్బాల్ సాబ్ ఇవేవీ నమ్మలేదు. డ్రైవరే దట్టి, దొరికిపోయాక ముసలాయన పేరు చెబుతున్నాడన్నాడు. సయీద్‌కు ఫోన్ చేసి రప్పించాడు. రువైస్ నుంచి రావడానికి ఆయనకు సాయంత్రమైంది. అప్పటిదాకా రాజయ్య నీళ్లు కూడా ముట్టలేదు.

సయీద్ రాగానే ఇక్బాల్ సాబ్ ఏదో చెప్పబోతే, ఆర్మరర్‌గా ముందు నేను చెప్పాలన్నాను. తనిఖీలో తుపాకి దట్టి ఉన్నట్టు తేలిందని, డ్రైవర్ మీట గురించి చూపించడానికి తెచ్చాడు కాబట్టే బయటపడిందని, రేపు దాని మీద ఇంకోటి దట్టి ఉంటే ఆయన ముఖం మిగిలేది కాదని హిందీలో చెప్పాను. దట్టిందెవరో చెప్పలేదు. పళ్లెంలో గుండు పక్కన ఆ పీచు ఉండను మాత్రం పెట్టాను.

ఆయన గుండును చూడలేదు. పీచును తీసుకుని సన్నటి కొసను వేళ్ల మధ్య తిప్పాడు. అది తండ్రి పేనినదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తర్వాత దాన్ని జేబులో వేసుకుని, రాజయ్య వైపు చూడకుండానే, బండి స్టార్ట్ చేయమని చెప్పాడు. ఇక్బాల్ సాబ్ ఇక పోలీసుల ఊసెత్తలేదు.

వెళ్లేముందు సయీద్ నేను మొదట చెప్పిన కొత్త రకం తుపాకికి డబ్బు కట్టి, అనుమతి రాగానే తీసుకెళ్తానన్నాడు. ఈసారి నేను ఏమీ వివరించలేదు. ఆయనే వెనక బిరడా ఊడదీసి, గొట్టాన్ని దీపం వైపు పెట్టి చూసుకున్నాడు. పాతదాన్ని తండ్రి ఇంటి గోడకే తగిలిస్తానన్నాడు. నేను దాని నిపిల్ పీకేసి ఇచ్చాను. నిపిల్ లేకపోతే ఎంత దట్టినా అది పేలదు, పైకి మాత్రం తుపాకిలాగే కనిపిస్తుంది. ముసలాయన తర్వాత కూడా దట్టాడో లేదో నాకు తెలియదు. రాజయ్య మాత్రం నేను అక్కడున్నన్నాళ్లూ ఆ ఇంటి బండే నడిపాడు.

ఆ రోజు అనుమానించినందుకు నేను ఎప్పుడూ చింతించలేదు. ఊచ వదలడం మానలేదు, టీ రుచి చూడటమూ మానలేదు. పనిలో ఒక్కటి మాత్రం మారింది. అప్పటి నుంచి ఎవరు తుపాకి తెచ్చినా, వాళ్లు చెప్పేది వినేముందు వాళ్లు దాన్ని ఎలా పట్టుకున్నారో చూసేవాణ్ని.