పొగ రాకపోతే భయపడు

మాస్టారు పోయారన్న కబురు నాకు ఫెర్రీలో తెలిసింది. ఆస్పత్రిలో ఉన్న ఆయన్ని చూడ్డానికే బాంబూఫ్లాట్ నుంచి చాతం వెళ్తున్నాను, చేతిలో మాగాయ సీసాతో. నడి హార్బరులో ఉండగా ఆయన కోడలు ఫోను చేసింది. ఇంజను హోరులో ఒక్క ముక్క వినపడలేదు. "గట్టిగా చెప్పమ్మా" అని అరిచాను. పాపం, ఆ పిల్ల ఆ మాటని రెండోసారి గొంతెత్తి చెప్పాల్సి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లెవరికీ తెలుగు రాదు. నా గొంతుకి ఒకరిద్దరు తల తిప్పి చూసి, మళ్లీ నీళ్లకేసి చూసుకున్నారు.

మాస్టారిది మా పక్కిల్లు. సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. నాది జెట్టీ దారిలో కిరాణా కొట్టు. ఇద్దరం శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకి వచ్చినవాళ్లం. మా ఆవిడ కాలం చేసి, మా అమ్మాయి పెళ్లయి డిగ్లీపూర్ వెళ్లిపోయాక, నోరారా తెలుగు మాట్లాడడానికి నాకు మిగిలింది ఆయనొక్కరే. కొట్లో హిందీ, వీధిలో హిందీ. ఈమధ్య కలలు కూడా హిందీలో వస్తున్నాయంటే మాస్టారు పడీ పడీ నవ్వారు. మా అమ్మాయి తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. ఇది అచ్చయితే ఫోనులో నేనే చదివి వినిపించాలి.

మా ఇద్దరి మధ్యా ఒక బండి ఉండేది. పాత టూ స్ట్రోకు మోటారు సైకిలు. అలాంటివి చెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది. మాస్టారు దాని మీదే ఏళ్ల తరబడి బడికి వెళ్లారు. మోకాళ్లు మొరాయించాక నాకిచ్చేశారు. ఇచ్చారన్న మాటేగాని, కూతుర్ని పక్కింటికే ఇచ్చిన తండ్రిలా ప్రతి ఆదివారం పొద్దున్నే మా వరండాలోకి వచ్చి కూర్చునేవారు. "ఏదీ, ఒకసారి కొట్టు" అనేవారు. నేను కిక్కు కొట్టాలి, ఆయన పొగ చూడాలి. అదీ మా ఆదివారం.

టూ స్ట్రోకు బండికి పెట్రోలులోనే నూనె కలపాలి. ఆ నూనె కాలే పొగ వస్తుంది. మొదట్లో ఆ పొగ చూసి నేను కంగారు పడిపోయేవాణ్ణి.

"ఏటయ్యా షావుకారూ, పొగకే మొహం అలగ ముడుచుకుంటావేటి? ఇది నూనె తాగి బతికే బండి. తాగిందాంట్లో కొంత కక్కుతాది. పొగ రాకపోతే భయపడు. ఆ రోజు నూనె అందక ఇంజను పట్టీసినట్టే" అనేవారు.

ఎక్కువ పొగొచ్చిన రోజు మాత్రం ఆయనకి పండగ. తడిగాలికి రాత్రంతా నిలబడిన బండి పొద్దున్నే తెల్లగా పొగ వదిలితే, "వేడెక్కనీ, అదే పోతాది" అని టీ తాగేవారు. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ పోతోందనీ, గాలి జాలీ మూసుకుపోయిందనీ అనేవారు. వేడెక్కినా తగ్గకుండా నీలంగా వస్తే అది నూనె సంగతి. అప్పుడు ప్లగ్గు విప్పించి, తడిగా ఉందా పొడిగా ఉందా అని కళ్లజోడు పైకెత్తి చూసేవారు. గేరు పెట్టెలో నూనె తగ్గిందేమో చూడమనేవారు. అది తగ్గితే లోపల సీలు పోయి, ఆ నూనె కూడా ఇంజను తాగేస్తోందని లెక్క.

ఆయన చెప్పిందల్లా వేదమని కాదు. ఒకసారి ఓడ రాక పెట్రోలు బంకు ఎండిపోయింది. డింగీ పడవ నడిపే ఒక పొరుగాయన దయతలచి తన క్యానులోంచి కాస్త పెట్రోలు పోశాడు. మాస్టారు ఎప్పటిలాగే అందులో నూనె కలిపారు. ఇంక చూడండి, వీధి వీధంతా నీలం పొగ. గేరు నూనె సరిగ్గానే ఉందని నేనంటున్నా వినకుండా, సీలు పోయిందని తేల్చేశారు. సగం ఇంజను విప్పించారు. కొత్త సీలు చెన్నై నుంచి ఓడలో రావాలి. బండి పేగులు బయటపెట్టుకుని వరండాలో పడి ఉండగా డింగీ ఆయన అటు వచ్చాడు.

"అరే మాస్టర్‌జీ, తేల్ తో పహలే సే మిలా హువా థా!"

డింగీ ఇంజనుదీ టూ స్ట్రోకే కదా. అతని పెట్రోలులో నూనె ముందే కలిపి ఉంది. దాని మీద మాస్టారు మళ్లీ కలిపారు. ఈ దీవుల్లో కాకపోతే ఇంకెక్కడ జరుగుతుంది ఇలాంటి పొరపాటు! నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయన మాత్రం సైన్సు మాస్టారి మొహం పెట్టి నా కొట్లో పొట్లాలు కట్టే తెల్ల కాగితం ఒకటి తెమ్మన్నారు. దాని మీద క్యానులోంచి ఒక చుక్క వేశారు.

"ఒట్టి పెట్రోలైతే ఆరిపోయి ఏటీ మిగలదు. నూనె కలిసిందైతే మరక ఉండిపోతాది. ముందు ఇది చెయ్యాల్సింది నేను. తేలికది ఒగ్గీసి కష్టమైందాని వెనక పడ్డాను. బస్, నవ్వింది చాలు."

ఆ తర్వాత కూడా నూనె కలిపే పని ఆయన నాకసలు అప్పగించలేదు. "నీది తూకం చెయ్యి, కొలత చెయ్యి కాదు" అని నా వ్యాపారాన్ని దెప్పేవారు. నేను పెద్ద క్యానులో పెట్రోలు తెచ్చి వరండాలో పెట్టేవాణ్ణి. ఆదివారం ఆయన అందులోంచి ఆ వారానికి కావలసినంతే చిన్న డబ్బాలోకి ఒంపి, రంగు గీత పెట్టిన దగ్గుమందు సీసాతో నూనె కొలిచి కలిపేవారు. మొత్తానికీ ఒకేసారి కలిపేస్తే పోదా అంటే కసిరేవారు. "కలిపింది నిలవుంచకూడదు. వచ్చే ఆదివారం నేనెక్కడికి పోతాను?"

కర్మ అంతా అయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే అలవాటుగా బండి బయటికి తీశాను. వరండాలో ఆయన కుర్చీ అలాగే ఉంది. ఆయన ఆస్పత్రికి వెళ్లే ముందురోజు నేను తెచ్చిన క్యాను కూడా అక్కడే ఉంది. చిన్న డబ్బాలోకి ఒంపుకుని, ఆయన గీత దాకా నూనె కొలిచి మొదటిసారి నా చేత్తో కలిపాను. నూనె డబ్బా బాగా తేలికైనట్టు అనిపించింది గాని పట్టించుకోలేదు. టాంకీలో పోసి కిక్కు కొట్టాను.

పొగ! ఎదురింటావిడ కిటికీలు మూసుకుంటూ, "భయ్యా, ఆగ్ లగ్ గయా క్యా?" అని ఇల్లు తగలబడుతున్నట్టు కేకేసింది.

చెప్పే మనిషి లేడు. ఆయన కుర్చీకేసి చూసి, సిగ్గు విడిచి పైకే అడిగాను: "మాస్టారూ, ఏం చూడమంటారు?" బండి వేడెక్కేదాకా ఆగాను. పొగ తగ్గలేదు. నీలంగానే ఉంది. ప్లగ్గు విప్పాను, నూనె తడి. గేరు నూనె చూశాను, తగ్గలేదు. అంటే సీలు బాగానే ఉంది. నా కొలత తప్పిందేమోనని సీసా మళ్లీ చూసుకున్నాను. గీత చెరగలేదు. చివరికి తేలికది గుర్తొచ్చి, కొట్లోంచి తెల్ల కాగితం తెచ్చాను. పెద్ద క్యానులోంచి, నేనింకా ఏమీ కలపని పెట్రోలు, ఒక చుక్క వేసి ఎండలో పెట్టాను.

పెట్రోలు ఆరిపోయింది. మరక ఉండిపోయింది.

పక్కింటి గోడ దగ్గరికి వెళ్లి, ఈ క్యానుని ఆయనేమైనా ముట్టుకున్నారా అని కోడల్ని అడిగాను. "ఆస్పత్రికి వెళ్లిన రోజు ఆటో ఎక్కబోతూ, 'ఏక్ మినిట్ అమ్మా' అని మీ వరండాలోకి వెళ్లారంకుల్. మీరు కొట్లో ఉన్నారు. చాలాసేపు రాలేదు. ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నారు. చేతులు నూనె వాసన. నేను కోప్పడ్డాను కూడా" అంది.

వారానికి కాదు, మొత్తం క్యానుకి కలిపేశారు. నిలవుంచకూడదని నన్ను కసిరిన మనిషి.

నాకు ఏడుపు అప్పుడు వచ్చింది. ఫెర్రీలో రాలేదు, కాష్ఠం దగ్గర రాలేదు.

ఒట్టి పెట్రోలు తెచ్చి పోస్తే టాంకీలో ఉన్నది సర్దుకుంటుంది, పొగ తగ్గుతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. తేలేదు. ప్లగ్గు తుడిచి బిగించి, మళ్లీ కిక్కు కొట్టాను. బండిని ఆయన కుర్చీ ముందు నిలబెట్టి, పక్కన నేల మీద కూర్చున్నాను. నీలం పొగ కుర్చీ మీదుగా సాగి, గోడ దాటి, వాళ్ల పెరట్లోకి మెల్లగా వెళ్తూ ఉంది.