అవ్వ విన్న రష్యా కవయిత్రి

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మా అవ్వకు నల్లగొండ దవాఖానలో కంటి ఆపరేషన్ అయింది. పానగల్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాను. జీవితమంతా గొర్రెల వెంట తిరిగిన మనిషి, నల్లద్దాలు పెట్టుకుని మంచంలో కూర్చోలేకపోయింది.

"ఏదన్న చదువు బిడ్డా, పొద్దు పోతలేదు" అంది.

నేను కాలేజీలో తెలుగు చెప్తాను. ఒక రష్యా కవయిత్రి గురించి అక్కడ మాట్లాడాల్సి ఉండి, ఆమె జీవితకథ చదువుకుంటున్నాను. అదే వినిపించాను. ఆ పేరు నోరు తిరగక అవ్వ 'రష్యా పిల్ల' అని పెట్టుకుంది.

సర్కారు పట్టుకుపోయిన మనుషులు ఎక్కడున్నారని ఆ కవయిత్రి నిండు సభలో కవిత చదివింది. ఆమె పుస్తకాలు అచ్చు కాకుండా ఆపేశారు. పత్రికలు కవిత్వాన్ని వదిలేసి, ఆమె ఎవరితో తిరుగుతోందో రాశాయి. జనం మాత్రం ఆ కవితల్ని చేత్తో రాసుకుని దాచుకున్నారు.

అవ్వ చేయెత్తి ఆపింది. "నన్ను గూడ గట్లనే అన్నరు."

"నిన్నా? ఎందుకవ్వా?"

అవ్వ వయసులో ఉన్నప్పుడు పక్కింటాయన రోజూ భార్యను కొట్టేవాడట. బతుకమ్మ ఆటలో అవ్వ అతని మీద పాట కట్టి పాడింది.

"పేరు వెట్టలే. చేతుల కట్టె, నెత్తి మీది రుమాలు జెప్పిన. అందరు గాయన దిక్కే చూసిండ్రు. సిగ్గులేనిదన్నరు, ఏడాది దాక నన్ను ఆటకు పిలువలే."

"తాత ఏమన్నడు?"

"మీ తాతనా? గొర్లకాడ గా పాట మల్ల పాడిచ్చుకున్నడు." అవ్వ నవ్వింది.

మరుసటి ఏడు ఆ భార్యే వచ్చి అవ్వను ఆటకు తీసుకుపోయిందట.

"కొట్టుడు బందయిందా?"

"బందు గాలే. తక్కువైంది. ఊరు చూస్తదని భయం వట్టింది."

అద్దాలు తీశాక అవ్వ నా ప్రసంగానికి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. చివర్లో మా పెద్ద లెక్చరర్ ఒకాయన లేచి, "కవిత్వం సరే, ఆమె నడవడి మంచిది కాదంటారు కదమ్మా?" అన్నాడు. నాకంటే ముందే అవ్వ అంది:

"పాట తప్పని జెప్పరాకుంటే మనిషిని అంటరు సారూ."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి, అవ్వకు దండం పెట్టి కూర్చున్నాడు.

ఆ వారం పుస్తకం పూర్తిచేశాం. రష్యా పిల్ల కవితలు ఆమె ముసలితనంలో మళ్లీ అచ్చయ్యాయని, పిల్లలు బళ్లో చదివారని విన్నప్పుడు అవ్వ కాళ్లు చాపుకుని తృప్తిగా గోడకు ఒరిగింది.

"బతికుండంగనే చూసుకున్నది, గంతే చాలు" అంది.