పైపు వెనక మనిషి

అతన్ని స్టేషన్లో అందరూ నిదానం అంటారు. ఆ పేరు పెట్టింది కట్టుకున్న భార్యే. పెళ్ళైన కొత్తలో స్నానానికి వెళ్ళిన మనిషి ఎంతకీ బయటికి రాకపోతే, "ఏమండీ, లోపల బావి తవ్వుతున్నారా?" అని తలుపు తట్టిందట. అన్నం తినడం నిదానం, చొక్కా గుండీలు పెట్టుకోవడం నిదానం, అడిగిన మాటకి జవాబు చెప్పడం మరీ నిదానం. ఎదుటివాడు అడిగిన సంగతి మర్చిపోయి ఇంకో కబుర్లో పడ్డాక మొదటిదానికి జవాబు వచ్చేది. ఇలాంటివాణ్ణి ఏరికోరి ఫైర్ స్టేషన్లో ఎవరు చేర్చుకున్నారో గానీ, గంట మోగిందంటే మాత్రం ఆ మనిషే వేరు. కలిపిన అన్నం కలిపినట్టే కంచంలో ఉండేది, ఇంజను గేటు దాటిపోయేది.

ఇంజను నడపడం, మంట దగ్గరికి చేరాక పంపు దగ్గర నిలబడి నీళ్ళ ప్రెషర్ చూసుకోవడం అతని ఉద్యోగం. మంటలోకి వెళ్ళేవాడికి పేరొస్తుంది, పేపర్లో ఫొటో పడుతుంది. పంపు దగ్గరివాడికి బట్టల మీద నూనె మరకలు, చెవుల్లో హోరు. అందుకతను ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. పైపు కొసన నాజిల్ పట్టుకున్నవాడి ప్రాణం తన చేతిలో ఉందని అతనికి తెలుసు. ప్రెషర్ తగ్గితే నీళ్ళందక మంట మీదికొస్తుంది. పెరిగితే నాజిల్ వెనక్కి తన్ని మనిషిని ఎత్తి పడేస్తుంది. అందుకే నాజిల్ దగ్గర ఇద్దరుండాలి. ఒకడు పట్టుకుంటాడు, రెండోవాడు వెనక నిలబడి తన భుజం మొదటివాడి వీపుకి ఆనించి కాస్తాడు. ఉద్యోగంలో చేరగానే నేర్పే పాఠం ఇది.

నేర్పుతారు సరే, మనుషులేరీ?

కాగితం మీద ఆ స్టేషన్‌కి ఆరుగురు. అందులో ఇద్దరు ఫైర్‌మన్లు రిటైరై వెళ్ళిపోయారు, వాళ్ళ స్థానంలో ఎవరినీ వెయ్యలేదు. రెండో డ్రైవరు జీతం ఇక్కడే తీసుకుంటాడు, పని మాత్రం పెద్దాఫీసరు గారి ఇంట్లో. అమ్మగారిని బజారుకీ, పిల్లల్ని ఈతకీ కార్లో తీసుకెళ్ళడమే అతగాడు చేసే అగ్నిమాపక సేవ. ఇక మిగిలింది స్టేషన్ ఆఫీసరు, నిదానం, నిదానం అల్లుడు.

అల్లుడు ఆ స్టేషన్‌కి ముందు ఫైర్‌మన్‌గానే వచ్చాడు, తరవాతే అల్లుడయ్యాడు. నిదానం కూతురు క్యారేజీ తెచ్చే వేళకి ఆ అబ్బాయికి సరిగ్గా ఇంజను తుడిచే పని ముంచుకొచ్చేది. బండి రోజురోజుకీ అద్దంలా తయారవుతుంటే స్టేషనంతా ముసిముసిగా నవ్వుకుంది. నిదానానికి అనుమానం రావడానికే చాలా కాలం పట్టింది. వచ్చాక ఆలోచించి, ఆలోచించి, సరేనన్నాడు. అప్పటికి అతని భార్య పెళ్ళి బట్టలు కూడా కుట్టేసింది. ఆవిడ చేసేది కుట్టుపనే లెండి, వీధిలో సగం మంది ఒంటి మీద ఆవిడ కుట్టిన బట్టలే.

అట్టపెట్టెల కార్ఖానాలో మంటలు లేచిన రోజున వెళ్ళింది కూడా ఈ ముగ్గురే. మూడో అంతస్తు మండుతోంది. ఆఫీసరు లోపలివాళ్ళని మెట్ల మీంచి దింపుతున్నాడు. అల్లుడు నాజిల్ పట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు. వెనక కాసేవాడు లేడని నిదానం ప్రెషర్ తగ్గించే ఉంచాడు. నీళ్ళు రెండో అంతస్తు దాకా ఎగిరి, ఇక నా వల్ల కాదన్నట్టు కిందికి జారిపోతున్నాయి. చూస్తున్న జనం ఊరుకుంటారా? "ప్రభుత్వం నీళ్ళు కూడా ప్రభుత్వంలాగే ఉన్నాయిరా, సగం దాకా వచ్చి ఆగిపోతున్నాయి" అని ఎవడో అన్నాడు. అంతా నవ్వారు. కార్ఖానా నడిపే ఆవిడ ఒక్కతీ నవ్వలేదు. రోడ్డు మీద చతికిలబడి పైకి చూస్తోంది.

"మావయ్యా, పెంచు" అని అరిచాడు అల్లుడు.

నిదానం కాస్త పెంచాడు. కాస్తే. నాజిల్ ఒక్క తన్ను తన్నింది. అల్లుడు వెల్లకిలా పడ్డాడు, భుజం కీలు తప్పింది. మూడో అంతస్తు బూడిదయ్యాక మంట దానంతటదే చల్లారింది.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కూతురు మొగుడి చేతికి కట్టు సరిచేస్తూ తండ్రిని అడిగింది. "ఆయన వెనక ఎవరున్నారు నాన్నా?"

ఆ పిల్లకి తండ్రి సంగతి తెలుసు. జవాబు ఆలస్యంగా వస్తుందని అలాగే కూర్చుంది. పాలు కాచి దించింది, మడతలు పెట్టాల్సిన బట్టలు మడిచింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. జవాబు రాలేదు. అల్లుడు చెయ్యి నయమై మళ్ళీ డ్యూటీలో చేరినా, ఆ ప్రశ్న మాత్రం నిదానం దగ్గరే ఉండిపోయింది.

అంతలో తనిఖీ వచ్చిపడింది. ప్రభుత్వ ఆఫీసుల్లో ఎంతమంది ఉన్నారు, జీతాలు ఎవరు తీసుకుంటున్నారు, డబ్బు దేనికి ఖర్చవుతోంది అని చూడటానికి శాసనసభ వేసిన సంఘం అది. అన్ని ఫైర్ స్టేషన్లలోనూ మనుషులు నిండుగా ఉన్నారని పెద్దాఫీసరు సభకి ముందే రాసిచ్చాడు. రాసిచ్చాక నిండుగా చూపించక తప్పదు కదా. సంఘం కూడా నిండుగానే ఉన్నారని రాసుకుపోతే, ఖాళీగా ఉన్న ఆ రెండు స్థానాల్లోకీ ఇక ఎవరూ రారు.

దీనికి ఆ స్టేషన్లో పాత ఏర్పాటు ఒకటుంది. తనిఖీ అనగానే మనుషుల్ని అరువు తెస్తారు. పక్క ఆఫీసు తోటమాలి, ఎదురుగా టీ కొట్టాయన, స్కూలు వాచ్‌మన్. వాళ్ళ కొలతలకి నిదానం భార్య యూనిఫారాలు బిగించీ వదులు చేసీ ఇస్తుంది. నిదానం, అల్లుడు కలిసి వాళ్ళకి డ్రిల్లు నేర్పుతారు. ఇక్కడే ఉంది వీళ్ళ తెలివితక్కువతనమంతా. చేసే పని ఏదైనా వంక లేకుండా చెయ్యాలనే పాడు అలవాటు ఇద్దరికీ. దొంగ డ్రిల్లు కూడా ఎంత ముచ్చటగా నేర్పారంటే, కిందటిసారి వచ్చినవాళ్ళు మెచ్చుకుని ప్రశంసాపత్రం ఇచ్చి వెళ్ళారు. ఆ పత్రం అద్దాల ఫ్రేములో గోడకి వేలాడుతోంది, దాని కింద రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అరువు మనుషులు పడిపోకుండా ప్రెషర్ తగ్గించి, సాధన కోసం కట్టిన డ్రిల్లు టవరు కింది కిటికీలోకి కొట్టించడమే అందులోని కిటుకు.

ఈసారి హడావుడి ఇంకా ఎక్కువ. పైపుకి కొత్త వాషర్లు అడిగితే నిధుల్లేవన్న పెద్దాఫీసు, గేటుకి కొత్త కమాను కట్టించింది. గోడలకి రంగు, నేల మీద తివాచీ, షామియానా, మెత్తటి కుర్చీలు. ఇంజను టైర్లకి కూడా నల్లరంగు పూశారు. అరిగిన టైర్లే, మెరుస్తూ అరిగిపోయాయి అంతే.

యూనిఫారాల మూట ఇంటికి తెచ్చి మిషను పక్కన పెట్టాడు నిదానం. భార్య ముట్టుకోలేదు.

"ఏమండీ, మన అల్లుడి వెనక నిలబడేవాడికైతే ఉచితంగా కుట్టి ఇస్తాను. వాళ్ళ నాటకానికి నేను కుట్టను. పిన్నీసులు పెట్టుకోమనండి."

అతను మూట చూశాడు, ఆవిడని చూశాడు. ఆ మూట మోసుకుని తిరిగి స్టేషన్‌కి నడిచాడు. దారిలో ఏం ఆలోచించాడో ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత తొందర అతనికెప్పుడూ లేదు.

తనిఖీ రోజున సంఘం అధ్యక్షురాలు షామియానా అంచున, ఎండ పడుతుంటే గొడుగు వేసుకుని కూర్చుంది. పెద్దావిడ. పొద్దుట్నుంచీ నాలుగు ఆఫీసులు చూసి విసిగిపోయి ఉంది. పెద్దాఫీసరు ఆవిడ పక్కనే నిలబడి ఇంత వెడల్పున నవ్వుతున్నాడు. డ్రిల్లు మొదలైంది. అల్లుడు నాజిల్ పట్టుకున్నాడు. వెనక తోటమాలి, అతని వెనక టీ కొట్టాయన, వాచ్‌మన్. తోటమాలి ఒక చెయ్యి పైపు మీదుంది, రెండో చెయ్యి ప్యాంటు పిన్నీసు మీదుంది. నీళ్ళు చక్కగా కింది కిటికీలో పడ్డాయి. చప్పట్లు కొట్టారు.

"పై కిటికీకి కొట్టండి" అంది అధ్యక్షురాలు. "మంట కింది అంతస్తుకే అంటుకోవాలని రూలేం లేదుగా."

పెద్దాఫీసరు నవ్వుతూనే నిదానానికి సైగ చేశాడు, పెంచమని.

నిదానం కదల్లేదు. అతనికి మామూలేగా అనుకున్నారు స్టేషన్ వాళ్ళు. కానీ ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

"పెంచను సార్."

"ఏంటీ?"

"పెంచితే పైపు పట్టుకున్నవాళ్ళు పడిపోతారు. ఆయన తోటమాలి, ఆయనది టీ కొట్టు, ఆయన వాచ్‌మన్. నా ముందున్న నలుగురిలో ఫైర్‌మన్ ఒక్కడే."

స్టేషన్ ఆఫీసరు తల వంచుకుని తివాచీని చూస్తున్నాడు. పెద్దాఫీసరు మొహం ఎర్రబడింది.

"ఇది ఆర్డరు. పెంచు."

నిదానం పంపు ఆపేశాడు. చేతులు తుడుచుకున్నాడు. తివాచీ మీంచి, నూనె బూట్లతోనే, తనదైన నడకతో అటు చివర దాకా నడిచాడు. "బాబాయ్, కాస్త పక్కకి జరుగు" అని తోటమాలిని మర్యాదగా తప్పించి, అల్లుడి వెనక నిలబడి తన భుజం అతని వీపుకి ఆనించాడు.

"మావయ్యా, మరి పంపు దగ్గరెవరు?" అన్నాడు అల్లుడు మెల్లిగా.

"అదే అడుగు. వాళ్ళకి వినపడేలా అడుగు."

అల్లుడు తలెత్తి గట్టిగా అడిగాడు. "పంపు దగ్గర ఎవరు సార్?"

అధ్యక్షురాలు గొడుగు మూసింది. పెద్దాఫీసరు వైపు తిరిగి, "చెప్పండి, పంపు దగ్గర ఎవరు?" అంది.

ఆయన రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నిదానమే చెయ్యి చాపి గేటు దగ్గర నిలబెట్టిన కారుని చూపించాడు. "మా రెండో డ్రైవరు అక్కడున్నాడమ్మా. జీతం ఇక్కడే తీసుకుంటాడు. అతను సారు గారింట్లో ఉండబట్టి పంపు నేను వదల్లేను. నేను వదల్లేను కాబట్టి వీడి వెనక ఎవరూ ఉండరు. ఉండరు కాబట్టే ప్రెషర్ తగ్గిస్తాం. అట్టపెట్టెల కార్ఖానా కాలిపోయింది నీళ్ళు లేక కాదు. సభకి నిండుగా ఉన్నామని రాసిచ్చారట. లెక్క చూడాల్సింది కాగితంలో కాదమ్మా, వీడి వీపు వెనక."

ఆవిడ కారు దగ్గరి అతన్ని పిలిచింది. "నీకు పంపు పని వచ్చా?"

"వచ్చండి" అన్నాడతను. పెద్దాఫీసరు వైపు చూడకుండా వెళ్ళి పంపు ఎక్కాడు. ప్రెషర్ పెరిగింది. నాజిల్ తన్నింది. అల్లుడు నిదానం మీదికొచ్చాడు, నిదానం బూట్లు నేలలో దిగబడ్డాయి, మోకాళ్ళు మూలిగాయి. ఇద్దరూ పడలేదు. నీళ్ళు పై కిటికీలోంచి దూరి అవతలి వైపు నుంచి దూకాయి. కొత్త కమాను రంగంతా కారిపోయింది. అది ఎవరూ కావాలని చేసింది కాదు, గాలి అటు వీచింది.

అందరికంటే ముందు చర్యకి గురైంది నిదానమే. డ్రిల్లు మధ్యలో పంపు వదిలి ఎందుకు వెళ్ళావో చెప్పుకోమని కాగితం వచ్చింది. "అక్కడ మనిషి లేడు కనక వెళ్ళాను. మనిషిని వేస్తే వెనక్కి వస్తాను" అని రాసిచ్చాడు. క్షమాపణ అనే మాట చేర్చమని స్టేషన్ ఆఫీసరు బతిమాలాడు. చేర్చలేదు. పెద్దాఫీసరుని సభ ముందుకి పిలిచి అడుగుతున్నారు, ఆయన ఇంకా జవాబులు తయారు చేసుకుంటున్నాడు. రెండు కుర్చీలూ భర్తీ చెయ్యమని సంఘం రాసింది. అవి ఇంకా ఖాళీగానే ఉన్నాయి. అరువు జనం మాత్రం ఇక రారు, తోటమాలి ఒట్టేసి చెప్పాడు.

నిదానానికి శిక్ష పడింది. ఇంజను మీంచి తీసేసి పైపు పనిలోకి దించారు. భత్యం కూడా పోయింది. ఇంజను ఖాళీగా ఉండకూడదు కాబట్టి, గత్యంతరం లేక రెండో డ్రైవర్ని పంపు దగ్గరికి పంపారు. శిక్ష వేసినవాళ్ళకి తామేం చేశామో తెలిసేసరికి ఆర్డరు మీద సంతకం ఆరిపోయింది.

ఆ తరవాత ఒకనాడు బట్టల గోడౌన్‌లో మంటలార్పి మామా అల్లుళ్ళు మసి మొహాలతో ఇంటికొచ్చారు. కూతురు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇద్దర్నీ పైనుంచి కిందికి చూసి, "నాన్నా, ఇవాళ ఆయన వెనక..." అని మొదలెట్టింది.

ప్రశ్న పూర్తి కానివ్వలేదు ఆ నిదానపు మనిషి.

"నేనున్నానమ్మా" అన్నాడు. "నేను రిటైరయ్యే రోజుకి ఇంకొకణ్ణి తెచ్చి నిలబెట్టే వెళ్తాను."