బాల ఒళగె

తొంభైల్లో కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని గుంటూరు వైపు నుంచి బెంగళూరు వచ్చాను. మహదేవపురలో ఒక చిన్న సబ్బుల కార్ఖానా. దొడ్డబళ్ళాపురం పట్టు మగ్గాల వాళ్ళకీ, చీరలు పెట్రోలు వాష్ చేసే షాపులకీ సరుకు పంపేది. మూడు నెలల ట్రయల్ మీద ల్యాబులోకి తీసుకున్నారు.

మొదటి రోజే పెద్ద కెమిస్టు గారు బోర్డు మీద సబ్బు అణువుల్ని గుండ్రంగా పేర్చినట్టు గీశారు. ఒక్కోదానికీ నీళ్ళంటే ఇష్టపడే తల, జిడ్డంటే ఇష్టపడే తోక. సుద్దముక్కతో గుండ్రం మధ్యలో పొడిచి, "నీరల్లి బాల ఒళగె, తలె హొరగె" అన్నారు. నాకు కన్నడం రాదు. 'ఒళగె' అంటే లోపలికి అని మాత్రం బస్సు కండక్టర్ల పుణ్యమా అని తెలుసు. ఇరవై రెండేళ్ళ దాన్ని పట్టుకుని బాల అంటారేమిటని ఒళ్ళు మండింది. అయినా బుద్ధిగా బోర్డు వెనకున్న స్టోరు గదిలోకి వెళ్ళి నిలబడ్డాను.

ల్యాబంతా గొల్లుమంది. సీసాలు కడిగే పెద్దమ్మ వచ్చి చెప్పింది. "కన్నడంలో బాల అంటే తోక, పాపా. నీళ్ళల్లో తోక లోపల, తల హొరగె, అంటే బయట అని ఆయప్ప సబ్బు సంగతి చెప్తా ఉండాడు. నువ్వేమో లోపలికి వస్తివి."

కన్నడం వచ్చేదాకా అక్కడే ఉండమని ఆయన నా బల్ల స్టోరులోనే వేయించారు. సీసాలకి చీటీలు అంటించడం నా పని. రెండు నెలలు గడిచాయి. ఇలాగే ఉంటే ట్రయల్ అవగానే ఇంటికి పంపేస్తారు. ఉక్రోషంతో ఏడ్చాను కూడా. తిరిగి వెళ్ళేది మాత్రం లేదనుకున్నాను.

అప్పట్లో పెట్రోలులో కరిగే సబ్బు ఎవరికీ కుదరడం లేదు. ఎంత కలిపినా పొడిపొడిగా అడుక్కి చేరేది. నేను చూస్తానన్నాను. "చూడు" అన్నారు పెద్ద కెమిస్టు గారు నవ్వుతూ. నీటి తడి ఉంటే చెడుతుందని అందరిలాగే నేనూ సీసాలు వరుగుల్లా ఎండబెట్టాను. అయిదు రోజులు అదే వరస. ఆరో రోజు పెద్దమ్మ ఇచ్చిన సీసా ఒకటి సరిగా ఆరలేదు. విసుక్కుంటూ అందులోనే కలిపాను. ఆ ఒక్క సీసాలోనే సబ్బు కరిగింది.

బోర్డు మీది బొమ్మని తిరగేసి ఆలోచించాను. పెట్రోలులో తోకలకి బయటే హాయి. తలలు లోపల దాక్కోవాలి, దాక్కోవడానికి వాటికి కాస్త నీరు కావాలి. పొడి సీసాలో చుక్క చుక్కగా వేశాను. నాలుగో చుక్కకి తేటపడింది. తొమ్మిదో చుక్కకి పాలలా విరిగింది. ఎనిమిది దగ్గర ఆపి, మళ్ళీ మళ్ళీ చేసి చూశాను.

ఆయన సీసాని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇదరల్లి బాల ఎల్లి?" అని అడిగారు, దీంట్లో తోక ఎక్కడని.

"హొరగె, సార్" అన్నాను.

స్టోరులోకి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా, నా బల్లని ల్యాబులోకి లాక్కొచ్చాను. ఆయన నా బల్లకి చోటిస్తూ తన కుర్చీ కొంచెం జరుపుకున్నారు.