కూత పెట్టి రాని రైలు

నా చిన్నప్పుడు సీతాఫల్‌మండిలో మేమున్న ఇంటికి నాలుగు వాటాలు, అందరికీ కలిపి పెరట్లో ఒకటే లెట్రిన్. పొద్దున్నే దాని ముందు మనుషులు నిలబడేవారు కాదు, బకెట్లు నిలబడేవి. ఎవరి బకెట్ ముందుంటే వాళ్ళది వంతు. మా ఇంటిది నీలం, వెనక వాటాలో ఉండే నర్సు ఆంటీది పచ్చ. మా మేనత్త మాతోనే ఉన్నా తనకంటూ ఒక ఎర్ర బకెట్ వేరే కొనుక్కుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ ఎర్ర బకెట్ వరసలో ఎప్పుడు చూసినా ఉండేది. వంతు అయిపోయి లోపలికి తెచ్చుకున్న కాసేపటికే మళ్ళీ వెళ్ళి చివర చేరేది. "టీచరమ్మ బకెట్‌కి కాళ్ళొచ్చినయి" అని ఇంటి ఓనరమ్మ నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. అత్త కూడా మాతో కలిసి నవ్వేది.

అత్త మా నాన్నకి చెల్లెలు. కాకినాడ దగ్గర మా ఊరి నుంచి నాన్న వెనకే వచ్చి, సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. చర్చిలో క్వయర్‌లో పాడేది. అత్త గొంతు విని పక్క వీధి వాళ్ళు కూడా ఆగేవారని నాన్న చెప్పుకునేవాడు. అలాంటి మనిషి ఒక ఏడాది ఉన్నట్టుండి క్వయర్ మానేసి, తలుపు పక్కన చివరి బెంచీకి మారింది. లోకులు కాకులు అని ఊరికే అన్నారా. క్వయర్‌లో ఎవరితోనో మాట పట్టింపు వచ్చిందని ఒకరు, భక్తి తగ్గిందని ఇంకొకరు. అత్త ఆ చివరి బెంచీ వదల్లేదు.

అవి ఊరంతా కంప్యూటర్ పిచ్చి పట్టిన రోజులు. ప్రతి శుక్రవారం సాయంత్రం మా చర్చి వాళ్ళు ఒక్కో ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకునేవారు. పాటలయ్యాక, బైబిలు వాక్యమయ్యాక, చాప మీద కూర్చున్న వాళ్ళు ఒక్కొక్కరే తమ మనవి చెప్పాలి. అందరూ కలిసి దాని గురించి ప్రార్థన చేస్తారు. ఒకరి కొడుకు కంప్యూటర్ కోర్సు పాసవ్వాలి, ఒకరి అల్లుడికి ప్రాజెక్టు దొరకాలి, ఒకరి కూతురికి కంపెనీ వాళ్ళు రాత్రి షిఫ్టు మార్చాలి. దేవుడు కూడా ఈపాటికి అమీర్‌పేటలో కోర్సులో చేరి ఉంటాడని నాన్న గొణిగేవాడు, అమ్మ మోచేత్తో పొడిచేది. పైకి చెప్పుకోలేని వాళ్ళకి మాత్రం ఒక దారి ఉండేది. "నా మనసులో మనవి ఒకటుంది" అంటే చాలు, అదేమిటని ఎవరూ అడగరు. అడక్కపోవడం మాలో పెద్ద మర్యాద.

మా అత్త వారం వారం ఆ మాటే అనేది. పెళ్ళికాని ఆడమనిషి మనసులో ఇంకేం మనవి ఉంటుంది? అందరికీ తెలిసిపోయింది. మా కూడికలో ప్రార్థనకి పెట్టింది పేరైన పెద్దావిడ ఒకామె ఉండేది. ఆమె కళ్ళు మూసుకుని, కన్నీళ్ళు కార్చుకుంటూ, మా అత్తకి తగిన సంబంధం చూపించమని దేవుణ్ణి అడిగేది. అందరూ ఆమేన్ అనేవారు. ప్రార్థనతో ఊరుకున్నారా, సంబంధాలు కూడా తెచ్చారు. అల్వాల్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి చూడటానికి వచ్చాడు. మంచివాడే. వాళ్ళు టీ తాగి లేచేలోపు అత్త రెండుసార్లు పెరట్లోకి వెళ్ళి వచ్చింది. అమ్మాయికి ఇష్టం లేనట్టుందని వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రోజు అమ్మ అత్తతో మాట్లాడలేదు.

ఇక నా సంగతి. మా స్కూల్లో ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ ఉండేది కాదు. లోపల ఉంటే ఎవరో ఒకరు తోసేవారు. ఇంటి దగ్గరేమో బకెట్ల వరస, వంతు వచ్చేసరికి బయట స్కూల్ ఆటో హారన్. అందుకని నేను బిగబట్టుకోవడం నేర్చుకున్నాను. బిగబట్టగా బిగబట్టగా పొట్ట రాయిలా అయింది. వెళ్ళాలంటే నొప్పి, నొప్పి అని వెళ్ళకపోవడం. తరవాత నాకు తెలియకుండానే బట్టలు పాడవడం మొదలైంది. ఇంత పెద్ద పిల్లవి, ఇదేం బద్ధకమని అమ్మ ఆముదం పట్టించింది, వీపు విమానం మోత మోగించింది. పాపం తనకి మాత్రం ఏం తెలుసు, బట్టలుతికి ఉతికి విసిగిపోయింది. ఆటోలో పిల్లలు నా పక్కన కూర్చోవడం మానేశారు. నేను చచ్చిపోతే బాగుండునని ఒకసారి దేవుణ్ణి అడిగాను కూడా. అది నా మనసులో మనవి.

కనిపెట్టింది అత్తే. ఒక సాయంత్రం నన్ను మేడ మీదికి తీసుకెళ్ళింది. అక్కడి నుంచి పట్టాలు కనిపించేవి. లోకల్ రైలు వచ్చి ఆగి, జనం దిగి, వెళ్ళిపోయేదాకా నాకు చూపించింది. తరవాత చెప్పింది. "చూశావా, రైలు ఆగినప్పుడే దిగాలి. నేనిప్పుడు దిగను, తరవాత దిగుతానని కూర్చుంటే అది నీ కోసం ఆగదు. తరవాతి స్టేషన్లో ఇంకా జనం ఎక్కుతారు. అప్పుడు దిగాలంటే తోపులాట, ఒళ్ళు నొప్పులు. నీది బద్ధకం కాదే. నీ కడుపులో రైలు కిక్కిరిసిపోయింది, అంతే." నన్ను తిట్టకుండా ఆ విషయం మాట్లాడిన మొదటి మనిషి మా అత్త. నేను ఏడ్చేశాను.

మర్నాటి నుంచి అందరికన్నా ముందు లేచి తన ఎర్ర బకెట్ వరసలో పెట్టేది. వంతు రాగానే అది నా చేతికిచ్చేది. నేను లోపల కూర్చుంటే తలుపు బయట నిలబడి, తొందరేం లేదు, ముక్కొద్దు, ఊపిరి పీల్చుకో అని మెల్లగా చెప్పేది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, సాయంత్రం గింజలతో సహా జామకాయ, స్కూలుకి పెద్ద నీళ్ళ సీసా. ఒక శనివారం మా హెడ్మిస్ట్రెస్‌ని కలిసి, ఏం చెప్పిందో ఏమో, ఆ బాత్రూం తలుపుకి గడియ పెట్టించింది. ఒక్కరోజులో నయమైపోలేదు. రెండు రోజులు బాగుంటే మూడో రోజు మళ్ళీ మొదటికొచ్చేది. అత్త విసుక్కోలేదు. నేను బయటికి రాగానే "రైలొచ్చిందా?" అని అడిగేది. వచ్చిందంటే ఆ మొహం వెలిగిపోయేది.

తన వంతు నాకిచ్చి అత్త మళ్ళీ వరస చివరకి వెళ్ళేది. పొట్ట కింద చెయ్యి పెట్టుకుని, గోడకి ఆనుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడేది. ఒకరోజు నేనూ అడిగాను, మరి నీకు రైలొచ్చిందా అని. అత్త నవ్వింది. "నాది వేరే రకం రైలు. వస్తున్నట్టు కూత వినిపిస్తుంది. పరిగెత్తుకుంటూ వెళ్తే పట్టాల మీద ఏమీ ఉండదు. ఇవతలికి వచ్చి కూర్చుంటే మళ్ళీ కూత" అంది. నాకు అది భలే తమాషాగా అనిపించింది. దెయ్యం రైలా అన్నాను. అలాంటిదే అంది. అమ్మతో మాత్రం ఒంట్లో వేడి చేసిందని చెప్పింది. మా వైపు వాళ్ళకి సగం రోగాలు వేడి చేయడం వల్లే వస్తాయి. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, పల్చటి మజ్జిగ. అత్త అవన్నీ బుద్ధిగా తాగేది.

ఆ తరవాత ఒక శుక్రవారం కూడిక మా ఇంట్లో జరిగింది. చర్చి పాస్టరు అయ్యగారు వచ్చారు, పెద్దావిడ వచ్చింది, నర్సు ఆంటీ డ్యూటీ చీరతోనే వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. ఆ వారం నాకు మళ్ళీ బట్టలు పాడయ్యాయి, అమ్మకి ఓపిక అయిపోయింది. మనవి చెప్పే వంతు రాగానే, మా పిల్లకి ఒక చెడ్డ అలవాటుంది, ఇంత వయసొచ్చినా బట్టల్లోనే పోతుంది, అది మానేలా ప్రార్థన చెయ్యండి అని చెప్పేసింది. నన్ను అవమానించాలని కాదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక దేవుడికి చెప్పింది, అంతమంది ముందు చెప్పింది. పిల్లలు మూతికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. చాపలో దూరిపోదామని చూశాను.

అప్పుడు అత్త లేచి నిలబడింది. మాలో మనవి కూర్చునే చెప్తారు. అత్త నిలబడింది.

"వదినా, అది అలవాటు కాదు, అది పిల్ల చేతిలో లేదు. దానికి ప్రార్థన చేస్తే నాకూ చెయ్యండి. నా మనసులో మనవి పెళ్ళి గురించి కాదు. నాకు ఏడాది పైనుంచి మోషన్‌కి వెళ్ళాలనిపిస్తూనే ఉంటుంది. వెళ్తే ఏమీ ఉండదు. వచ్చి కూర్చుంటే మళ్ళీ అదే. క్లాసులో నిలబడలేను, పాటలో నిలబడలేను. రక్తం పడుతుంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. పిల్ల ఒక్కతే సిగ్గుపడటం ఎందుకు, నేనూ పక్కన కూర్చుంటాను" అని నా పక్కకొచ్చి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

అయ్యగారు బైబిల్లో పేజీలు తిప్పసాగారు. మగవాళ్ళలో ఎవరో దగ్గారు. ప్రార్థన చేసే పెద్దావిడకి ఏడాదిగా దేవుడికి తను ఏం విన్నవిస్తోందో అప్పుడే అర్థమైనట్టుంది, కొంగుతో మొహం కప్పుకుంది. నర్సు ఆంటీ ఒక్కతే గుమ్మం దగ్గర నుంచి లేచి వచ్చి అత్త ఎదురుగా కూర్చుంది. "టీచరమ్మా, రక్తం ఎన్ని దినాల సంది పడుతుంది? సన్నం సుత అయినవ్. నేను వేరే ఏదో పరేషాన్ అనుకున్న. గిది దాచిపెట్టుకునే తక్లీఫ్ కాదమ్మా. రేపు పొద్దుగాల నాతోని దవాఖానకు రా" అంది. కూడిక అక్కడే ఆగిపోయింది. ఆ రోజు ఆమేన్ ఎవరన్నారో కూడా నాకు గుర్తులేదు.

పేగు చివర గడ్డ ఉందన్నారు. ఖాళీ అయినా ఇంకా ఏదో ఉన్నట్టు పేగుకి అనిపించేది ఆ గడ్డ వల్లేనట. లేని రైలుకి కూత పెట్టేది అదన్నమాట. ఆపరేషన్ చేసి, మలం పడేందుకు పొట్ట మీద సంచీ పెట్టారు. అది కూడా అత్త నా దగ్గర దాచలేదు. రైలుకి స్టేషన్ మార్చారే అని సంచీ చూపించింది, దాన్ని ఎలా కడుక్కోవాలో, చుట్టూ చర్మం ఒరుసుకుపోకుండా ఎలా తుడుచుకోవాలో నాకు నేర్పింది. కొన్నాళ్ళు స్కూలుకి కూడా వెళ్ళింది. ఒక ఆదివారం క్వయర్‌లో కుర్చీ వేసుకుని పాడింది. కానీ రోగం అప్పటికే పైకి పాకింది. ఇలాంటి గడ్డలు మొదట్లోనే తెలిస్తే చాలామంది బతుకుతారని డాక్టరు నాన్నతో అన్నాడట. నాన్న ఆ మాట ఇంటికి తెచ్చి, పెరట్లో బకెట్ల పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాకు బాగైపోయింది. గడియ ఉన్న తలుపు, జామకాయలు, తిట్టని మనిషి, ఇంతకన్నా మందేమీ లేదు. ఆటోలో పిల్లలు మళ్ళీ నా పక్కన కూర్చున్నారు. అత్త మంచం దిగలేని రోజుల్లో కూడా, నేను పెరట్లో నుంచి రాగానే కళ్ళు తెరిచి అడిగేది, రైలొచ్చిందా అని. చివర్లో గొంతు లేదు, పెదవులు కదిపేది. నేను తల ఊపేదాన్ని. ఒక పొద్దున నేను లోపలికి వచ్చేసరికి ఇల్లంతా జనం. నాకు ఆ రోజు రైలు సరిగ్గా వచ్చింది. ఆ మాట చెప్పాలని మంచం దగ్గరికి పోబోయాను, అమ్మ నన్ను పట్టుకుని ఆపేసింది.

ఇప్పుడు నా తల కూడా నెరుస్తోంది. పిల్లలు నన్ను పెద్దమ్మా అంటారు. శుక్రవారం కూడికలు ఇంకా జరుగుతున్నాయి, మనవులు చెప్పుకుంటూనే ఉన్నారు. ఎవరైనా "మనసులో మనవి ఒకటుంది" అంటే నేను అందరితో పాటు కళ్ళు మూసుకుంటాను. ప్రార్థన అయ్యాక మాత్రం వాళ్ళని ఊరికే వదిలిపెట్టను. టీ గ్లాసు పట్టుకుని పక్కన చేరి, కడుపా, కిందా, రక్తమేమైనా పడుతోందా అని అడిగేస్తాను. ఈవిడకి మర్యాద తెలియదని కొందరు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనీ. ఏడాది పాటు అంతమంది మా అత్త గురించి కన్నీళ్ళతో దేవుణ్ణి అడిగారు. అత్తని ఒక్కరూ అడగలేదు.