దమ్ము ఉండనీ, మనిషిని దాయి

మా బస్తీలో ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితం ఇంగ్లిషు పత్రికలో అచ్చయింది. లెక్కలన్నీ ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకునేలా పెట్టారు. కానీ ఆ లెక్కలు అక్కడికి చేరేముందు ఏం జరిగిందో ఆ పత్రికలో లేదు. పట్టికల కింద అలాంటివి రాయరు. జరిగింది నేను దగ్గరుండి చూశాను, నాకు రాయడం కూడా వచ్చు, అందుకే రాస్తున్నాను. కొన్ని గుర్తులు కావాలనే మార్చాను. ఎందుకు మార్చానో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

నేను బట్టలు కుడతాను. బడిలో చదివింది పదో తరగతి దాకానే. మిగతా చదువంతా హన్మకొండ లైబ్రరీలో చదివాను. మధ్యాహ్నం గిరాకీ తగ్గగానే కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి బయల్దేరేదాన్ని. మొదట కథలు, తర్వాత ఆరోగ్యం, భూగోళం, రాజ్యాంగం, ఏది చేతికి వస్తే అది. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లిషు చదవడం నేర్చుకున్నాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. కాలేజీ చదివినవాళ్లు డిగ్రీని ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలిస్తారు. నాకు తగిలించడానికి ఏమీ లేదు, కాబట్టి నోటితో చెప్పుకుంటాను.

ఆ లైబ్రేరియన్ సారుకు ఒక అలవాటు ఉంది. నేను కోరిన పుస్తకం అల్మారాలో లేకపోతే, "ఎవలు తీస్కపోయిండ్రు సార్?" అని అడిగేదాన్ని. వాళ్లింటికే పోయి అడిగి తెచ్చుకుందామని నా ఆత్రం. "ఎవలో తీస్కపోయిండ్రు. వస్తది, ఆగు," అనేవారు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. పుస్తకాలు అందరివీ అంటారు, మరి ఈ దాపరికం ఏమిటని నాకు ఒళ్లు మండేది.

ఆ పిల్లను మొదట చూసింది అక్కడే. మరిపెడ దిక్కు రైతుల బిడ్డ, యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. మిర్చి పనికి పోయే ఆడవాళ్ల ఊపిరితిత్తుల మీద పరిశోధన. వాళ్ల చేత సంతకం చేయించుకునే కాగితాన్ని అర్థమయ్యేలా చదివి చెప్పే మనిషి కావాలని సారును అడుగుతోంది. సారు నా వైపు చూసేలోపే నేను లేచి నిలబడ్డాను.

"నీకు తీరికుంటదా అక్కా?" అంది.

"తీరికదేముంది గని, ముందు ఆ కాయితం నన్ను చదువనియ్యి చెల్లె. నాకు సమజైతేనే వాళ్లకు చెప్త."

ఆమె నవ్వి కాగితం ఇచ్చింది. మీ మాటలు గోప్యంగా ఉంచుతాం, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు తప్పుకోవచ్చు అని అందులో ఉంది. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఓపిగ్గా జవాబు చెప్పింది. తనకు తెలియని చోట "నాకు తెల్వదక్కా, కనుక్కుంట" అంది. అలా అనగలిగిన చదువుకున్నవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

మార్కెట్లో మిర్చి దిగే రోజుల్లో మా బస్తీ ఆడవాళ్లు, వర్ధన్నపేట దిక్కు ఊళ్ల వాళ్లు తొడిమలు తీసే పనికి పోతారు. ముక్కుకు కొంగు కట్టుకున్నా ఆ ఘాటు ఆగదు. కుట్లు విప్పమని వాళ్లు తెచ్చిన జాకెట్టు ఒకసారి దులిపితే చాలు, నాకు తుమ్ములు పట్టుకుంటాయి. మరి వాళ్ల లోపల ఎంత చేరి ఉంటుందో చూడటానికి ఆ పిల్ల ఊదే మిషన్ తెచ్చి చర్చి ఆవరణలో బల్ల మీద పెట్టింది. గట్టిగా దమ్ము పట్టి, ఒక్కసారిగా ఊదాలి.

"ఏందే, మొగన్ని తిట్టేటప్పుడు ఉన్న దమ్ము ఇప్పుడేడ వాయె? ఊదు!"

"నేనూదితే గా మిషన్ పొయ్యి ఖిల్లాల వడ్తది. జర పక్కకు జరుగుండ్రి!"

నవ్వి నవ్వి దగ్గు, దగ్గి దగ్గి మళ్లీ నవ్వు. ఆ పిల్ల ఆ దగ్గులన్నీ ఆగేదాకా ఓపిగ్గా చూసి మళ్లీ ఊదమనేది.

ఒకరోజు చాయ్ తాగుతూ నాకు చెప్పింది. "ఇదే పని మీద మా యూనివర్సిటీల ఇంతకుముందు ఒకరు పరిశోధన చేసిండ్రు అక్కా. ఆ లెక్కలు చూద్దామంటే అల్మారకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికి తెల్వదు. అందుకే ఈ అమ్మలందరితోని మళ్ల మొదటిసంది ఊదిస్తాన్న. నావి అట్ల కానియ్య. లెక్కలు, చేసిన తీరు, నా తప్పులు, అన్ని అందరి ముందు పెడ్త. ఎవరన్న తీసి చూసి నువ్వు తప్పు అంటే అనాలె."

నాకు లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. తాళం వేసిన అల్మారా అంటే నాకు చిన్నప్పటి నుంచీ పగ.

పట్టిక తయారైంది. పేర్లు, ఇంటి నంబర్లు, ఫోన్లు తీసేసి ఒక్కొక్కరికి ఒక అంకె ఇచ్చింది. పరిశోధనకు అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీ అడిగింది అంతే. ఆమె అక్కడితో ఆగలేదు. "బయట పెట్టేముందు వీళ్లకే చదివి వినిపిద్దాం. వీళ్లు గుర్తుపడితే రేపు ఎవరైన గుర్తుపడ్తరు," అంది. జబ్బుల వివరాలు మాత్రం ఆ కాగితంలోకి రానివ్వలేదు. మిగతాది నన్ను గట్టిగా చదవమంది.

"నడి వయసు. పొద్దున ఇడ్లీ బండి, తర్వాత మిర్చి పని."

"ఇడ్లీ బండి వదినె!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

"ఇంట్లో కవల పిల్లలు."

"నువ్వే గదనే, మొఖం దాస్తానవేంది?"

మా దగ్గర పేరు పెట్టి పిలుచుకునేవాళ్లు ఎవరు? ఇడ్లీ బండి వదినె, కవలల తల్లి, మూలమీది అక్క. అసలు పేర్లు ఆధార్ కార్డులోనే ఉంటాయి. పట్టికలోంచి తీసేసింది ఎవరూ వాడని పేర్లను. మేము పిలుచుకునే పేర్లు అందులో అలాగే ఉన్నాయి.

"ఒంటరి. చర్చిలో గంట కొట్టే పని కూడా."

"మా పెద్దమ్మ! ఇంకెవలున్నరు?"

పెద్దమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ చాయ్ రాకముందే లేచి వెళ్లిపోయింది. ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు. ఒక్కొక్కరు దొరికిపోతుంటే పెన్నుతో ఆ గడులు కొట్టేసుకుంటూ పోయింది.

మర్నాడు పెద్దమ్మ నా మిషన్ దగ్గరికి ఒక జాకెట్టు పట్టుకుని వచ్చింది. దానికి కుట్టాల్సింది ఏమీ లేదు.

"బిడ్డా, గా కాయితంల నా పక్కపొంటి దవాఖాన ముచ్చట గూడ ఉంటదా?"

పెద్దమ్మకు చాలా ఏళ్ల కింద టీబీ వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. మందులన్నీ వాడింది, పూర్తిగా తగ్గింది. గోప్యం అని కాగితంలో నేను చదివి చెప్పినందుకే ఆ పిల్లకు చెప్పింది, ఇంకెవరికీ చెప్పలేదు.

"తగ్గిందంటె ఎవలింటరు? మిర్చి కుప్ప కాడ అందరం ఆనుకోని కూసుంటం. ఎరుకైతే నా పక్కపొంటి ఎవలు కూసోరు. సేటు రేపటిసంది రాకంటడు. గా పని పోతే నాకేముంది బిడ్డా?"

"చెల్లెకు నువ్వే చెప్తవా పెద్దమ్మా?"

"నాకు నోరు రాదు. నువ్వే చెప్పు."

చెప్పాను. ఆ పిల్ల విని ల్యాప్‌టాప్ మూసేసింది. పత్రికకు పంపాల్సిన గడువు దగ్గరపడింది. పేర్లు తీశావు కదా, నియమం ప్రకారం సరిపోతుంది, పెట్టెయ్ అని ఆమె గైడ్ ఫోన్లో అంటున్నారు. టీబీ ఊపిరితిత్తుల మీద మచ్చ వదిలి పోతుందట. ఆ వివరం లేకుండా లెక్కలు బయట పెడితే, చూసినవాళ్లు ఆ నష్టమంతా మిర్చి దుమ్ము వల్లే అనుకుంటారు. పెడితే పెద్దమ్మ దొరికిపోతుంది.

"ఆమె ఒక్కదానిది తీసెయ్, అయిపోతది," అన్నాను.

"ఆమెనడగకుండ పెట్టుడు తప్పైతే, అడగకుండ తీసుడు గూడ తప్పే అక్కా."

ఇద్దరం పెద్దమ్మ ఇంటికి పోయాం. ఆ పిల్ల కింద చాప మీద కూర్చుంది.

"పెద్దమ్మా, నీది మొత్తం తీసెయ్యమంటే ఇప్పుడే తీసేస్త. ఎందుకని గూడ అడగ."

"తీస్తె నీ సదువు ఆగుతదా?"

"ఆగదు. నీ ఒక్కదానిది లేకున్న నడుస్తది."

పెద్దమ్మకు అది నచ్చలేదు. "అంటె నేనూదిన ఊదుడు ఉత్తదేనా?"

"అయ్యో, ఉత్తది కాదు. టీబీ తగ్గినోళ్ల మీద ఈ దుమ్ము ఎంత పనిచేస్తదో నీ అసొంటోళ్లది చూస్తెనే తెలుస్తది. ఉంటె మంచిదే. కని నీ ఇష్టం."

పెద్దమ్మ కాసేపు చాప అంచు పీకుతూ కూర్చుంది. "నా దమ్ము ఉండనీ. నన్ను దాయి. చాతనైతదా?"

"చాతనైతది పెద్దమ్మా. జర టైం పడ్తది."

చాలా టైమే పట్టింది. ఊళ్లన్నీ కలిపి ఒక ప్రాంతం చేసింది. వయసులు ఇంత నుంచి ఇంత దాకా అని మార్చింది. ఇతర పనుల గడి, పిల్లల గడి తీసేసింది. జబ్బుల వివరాలను మాత్రం బయట పెట్టలేదు. అవి యూనివర్సిటీలో ఉంటాయి. ఎందుకు కావాలో రాసిచ్చి, కమిటీ ఒప్పుకుంటేనే ఇంకో పరిశోధకుడికి ఇస్తారు. ఏది దాచిందో, ఎందుకు దాచిందో కూడా అందరికీ కనిపించేలా రాసింది. మార్చిన ప్రతిసారీ లెక్కలు మళ్లీ చేసి, ఫలితం తారుమారు కాలేదని చూసుకుంది. పత్రిక గడువు దాటిపోయింది. పీహెచ్‌డీ ఇంకో మిర్చి సీజన్ దాకా జరిగింది. గైడ్ చాలా రోజులు ముభావంగా ఉన్నారట. ఆ మాట నవ్వుతూనే చెప్పింది గానీ చాయ్ చల్లారిపోయింది.

కొత్త కాగితం చర్చి ఆవరణలో మళ్లీ చదివాను. ఈసారి ఎవరూ అరవలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"గీ కాయితంల మజా లేదక్కా," అంది ఇడ్లీ బండి వదినె.

ఆ పిల్ల ఆ మాట విని చాలా రోజులకు హాయిగా నవ్వింది. పెద్దమ్మ చాయ్ తాగేదాకా కూర్చుంది.

లెక్కలు ఇంటర్నెట్‌లోకి వచ్చిన రోజు నేను లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పైసా కట్టకుండా, ఎవరినీ బతిమాలకుండా, పదో తరగతి చదివిన నేను ఒక పరిశోధన లెక్కలన్నీ తెరిచి చూశాను. ఆ సంతోషం అయ్యాక పెద్దమ్మ కోసం వెతికాను. నాకు ఆమె వయసు తెలుసు, ఇల్లు తెలుసు, ఊదిన రోజు కూడా గుర్తుంది. ఈ వరుసా అనుకుంటే దాని కిందిదీ అలాగే ఉంది. వెతికి వెతికి వదిలేశాను. లేచి వస్తుంటే లైబ్రేరియన్ సారు ఎవరికో చెబుతున్నారు, "ఎవలో తీస్కపోయిండ్రు. వస్తది, ఆగు." ఈసారి నాకు ఒళ్లు మండలేదు.

సాయంత్రం పెద్దమ్మకు చెప్పాను.

"దొరకలేనా?"

"దొరకలే పెద్దమ్మా."

"నువ్వు గన్ని పుస్తకాలు సదివినదానివి, నీకే దొరకలేదంటె ఇగ ఫికర్ లేదు." మర్నాడు ఎప్పటిలాగే కొంగు ముక్కుకు కట్టుకుని అందరితో కలిసి ఆటో ఎక్కింది.

పుస్తకాల చివర సాయం చేసినవాళ్ల పేర్లన్నీ రాసి కృతజ్ఞతలు చెప్పడం చూశాను. నాకూ అలా రాయాలని ఎంతో ఆశ. పేర్లు రాయలేను. మేము పిలుచుకునే పేర్లయితే అసలే రాయకూడదు. వదినె అమ్మేది ఇడ్లీ కాదు, పెద్దమ్మ కొట్టేది గంట కాదు. గడువును వదులుకున్న చెల్లెకు, ఎవరు తీసుకుపోయారో ఏనాడూ చెప్పని సారుకు, నవ్వుతూ దగ్గుతూ ఊదిన అక్కలకు, వదినెలకు, నా దండాలు. దమ్ము ఇచ్చిన పెద్దమ్మకు అందరికంటే ఎక్కువ. ఇది ఆమెకు చదివి వినిపించాను. తనను తాను గుర్తుపట్టి, ఇంకెవరూ గుర్తుపట్టరని ఒప్పుకున్నాకే ఇక్కడ పెట్టాను.