టిప్పుల పెట్టెలో ఖాళీలు

బాబాయ్ బొటనవేలు పిపెట్ మీద మెల్లగా దిగింది. మొదటి మందు అప్పటికే పోసి ఉన్న ప్లేటులో, మొదటి గుంటలోకి రెండో మందు చుక్క జారింది. పిపెట్ కొనకు తొడిగిన సన్నటి ప్లాస్టిక్ టిప్పు తీసి పారేసి, పెట్టెలోంచి కొత్తది తొడిగాడు.

ల్యాబులో అందరికీ ఆయన బాబాయే, ఆయన కన్నా పెద్దవాళ్లకు కూడా.

అరచేతంత ప్లేటులో తొంభై ఆరు గుంటలు. వాటిలో ఒక బస్సు డ్రైవరు మెదడులోంచి తీసిన కణితి కణాలున్నాయి. ఒకసారి ఆపరేషన్ చేసి తీసేసిన కణితి ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చింది. విడివిడిగా పనిచేయని రెండు మందులు కలిపితే దాన్ని అణుస్తాయేమో, ఏ పాళ్లలో కలపాలో తేల్చాలి. కణాలు ఈ ఒక్క ప్లేటుకే సరిపోయాయి. చెడితే మళ్లీ చేయడానికి లేదు.

సగం దాటాక దీపాలు ఆరిపోయాయి. కిటికీ లేని గది.

"కదలొద్దు బాబాయ్!" అంది పక్కనున్న చిన్న డాక్టరు.

"నేనెక్కడ కదిలానమ్మాయ్? నువ్వే నా కాలు తొక్కుతున్నావు."

చీకట్లో ఆయనకు ఒకప్పుడు ఈ ల్యాబు నడిపిన పెద్దమేడం గుర్తొచ్చింది. సీసాలు కడగడానికి చేరిన తన చేత పిపెట్ పట్టించింది ఆవిడే. ఒకరోజు ఫోను మోగితే తల తిప్పాడు. అంతే, ఒకే వరసలో మందు రెండుసార్లు పోశాడు. రంగులేని చుక్క, ఎక్కడ పడిందో చూస్తే తెలియదు. నెల్లాళ్ల పని నీళ్లపాలు. తిట్లకు సిద్ధపడి నిలబడితే ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, "జ్ఞాపకాన్ని నమ్ముకోకు. చేతికో దారి చూపించు," అంది. రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకుని ఆ దారేదో తనే కనిపెట్టాడు. ఆవిడ అరగంట వెనక నిలబడి చూసింది. వరండాలోకి పిలిచి తన టీ కప్పు అతని చేతిలో పెట్టింది. ఆ వేడి ఇప్పటికీ అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది.

దీపాలు వెలిగాయి.

"ఐదో వరస అయిందా, లేదా? కొంప మునిగింది బాబాయ్!"

"నన్నడుగుతావేం? పెట్టెనడుగు."

టిప్పుల పెట్టెలోనూ ప్లేటులో ఉన్నన్ని వరసలే. ఏ గుంటకు ఆ చోటి టిప్పే తీస్తాడాయన. ఐదో వరసలో ఏడు ఖాళీలు. ఏడో టిప్పు పిపెట్‌కే ఉంది, దాన్లో చుక్క ఇంకా అలాగే ఉంది.

"ఆరు అయ్యాయి. ఇది ఏడోది," అంటూ చుక్క వదిలాడు.

"ఏ పుస్తకంలోనూ లేదే ఇది!"

"నేను పాడుచేసి నేర్చుకున్నాను. నువ్వు చూసి నేర్చుకో."

చివరి టిప్పుతో పెట్టె ఖాళీ అయింది. ఆయన ప్లేటుకు మూతపెట్టి, పైన తేదీ, గంట రాసి, రెండు చేతులతో ఆమెకు అందించాడు.